షట్టరు మీద స్టిక్కరు

సోమవారం సెలూన్లకు సెలవు. దుకాణాల సంఘం ఏనాడో పెట్టిన నియమం. ఆ రోజు కుర్చీ తిప్పినవాడి మీద మర్నాడు సంఘం వాళ్ళు ఊగిపోతారు. అయినా బ్రహ్మచారి షట్టరు సోమవారం మధ్యాహ్నం రెండింటికి సగం లేచేది. నడుం వంచితే తప్ప లోపలికి పోలేనంత ఎత్తు. చూసినవాళ్ళు ఊడ్చుకుంటున్నాడనో, కత్తెర్లు సాన పెట్టుకుంటున్నాడనో అనుకునేవాళ్ళు. మూడేళ్ళుగా ఎవరూ వంగి చూడలేదు. సెలవునాడు కూడా చాకిరీ చేసేవాణ్ణి చూస్తే జనానికి జాలి కలుగుతుంది గాని అనుమానం కలగదు.

బ్రహ్మచారి అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. నలభైనాలుగేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదని వీధి తగిలించిన పేరు. మొహం నిండా నురగ పట్టించుకుని, గొంతు మీద అతని కత్తి ఆని ఉండగానే ఆ పేరు పెట్టి పిలిచి నవ్వేవాళ్ళు. కత్తి పట్టుకున్నవాణ్ణి ఎవడైనా ఎగతాళి చేస్తాడా? చేస్తాడు. వీడేం చెయ్యడని తెలిస్తే ఎంతకైనా తెగిస్తాడు. అతనూ నవ్వేవాడు. వారంలో ఆరు రోజులు నవ్వేవాడు. ఏడో రోజు రెండు గంటలు మాత్రం నవ్వక్కర్లేదు. అతనికి ఈ లోకంలో సొంతమంటూ ఉన్నవి ఆ రెండు గంటలే.

అది ఒక కండక్టరమ్మతో మొదలైంది. సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషి. ముప్ఫై దాటిన వయసు, నడుం దాకా జడ. ఒక సోమవారం షట్టరు కింద వంగి లోపలికొచ్చి, చెవుల పైదాకా కొట్టెయ్యమంది. ఆడవాళ్ళ పార్లర్లు రెండింట్లో అడిగిందట. ఒకచోట మొగుణ్ణి వెంటబెట్టుకు రమ్మన్నారట, ఇంకోచోట ఏం జబ్బు చేసిందని అడిగారట. బ్రహ్మచారి ఏమీ అడగలేదు. జడ కోసి పక్కన పెట్టాడు. మెడ మీద మిషను నడిపాడు. చేతద్దం వెనక పట్టి చూపించాడు. ఆమె పెద్దద్దంలోకి చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళకి వచ్చావా" అంది. ఎవరితో అంటోందో తెలియక అతను వెనక్కి తిరిగి షట్టరు వైపు చూశాడు. అక్కడెవరూ లేరు.

నెల తిరక్కుండా ఆమె టోపీని తీసుకొచ్చింది. టోపీ ఇనప సామాన్ల దుకాణంలో స్టోరు చూసే మనిషి. ఊరి లెక్కలో మగవాడు. మండుటెండలో కూడా ఉన్నిటోపీ తియ్యడని జనం వేళాకోళం చేసేవాళ్ళు. షట్టరు లోపలికొచ్చాక ఆ టోపీ తీస్తే భుజాల మీదికి జారే జుట్టు. ఆమెకు కటింగు అక్కర్లేదు. కొసలు కత్తిరించి, నూనె రాసి, దువ్వి వదిలేస్తే చాలు, రెండు గంటలు అలా అద్దం ముందు కూర్చుంటుంది. లోపల ఆమె అందరికీ చెల్లెమ్మ. బజార్లో ఎదురైతే మాత్రం "ఏం తమ్ముడూ" అని పలకరించాలి. ఒకసారి నిండు బజార్లో బ్రహ్మచారి నోరు జారి "చెల్లెమ్మా" అనేశాడు. దాన్ని కప్పిపుచ్చుకోడానికి పక్కనే కూరగాయలమ్ముతున్న మనిషి వైపు తిరిగి, అక్కర్లేని వంకాయలు రెండు కిలోలు కొన్నాడు.

తరవాత లెక్కల మాస్టారొచ్చాడు. ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునే పెద్దమనిషి, యాభై అయిదేళ్ళు. నడినెత్తి మీద రెండు సుళ్ళు. రెండు సుళ్ళవాడికి ఇద్దరు పెళ్ళాలంటారు. "ఒక్కత్తెకే జవాబు చెప్పుకోలేక చస్తున్నాను, ఆ రెండో సుడి గీకి పారెయ్యవయ్యా" అనేవాడు మాస్టారు, మెడ వంచి. ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు, ఆఖర్న ఎవరో ఒకరు నిట్టూర్చేవాళ్ళు. ఆ పైన ఇద్దరు నర్సమ్మలు చేరారు. కలిసి వచ్చేవాళ్ళు, విడివిడిగా వెళ్ళేవాళ్ళు. ఇద్దరిదీ ఒకటే గది అని లోపలివాళ్ళకు తెలుసు. ఒకటే మంచమని కూడా తెలుసు.

పేర్లు చెప్పుకోకూడదు, ఇళ్ళు చెప్పుకోకూడదు, ఫోను నంబర్లు ఇచ్చుకోకూడదు. ఈ కట్టుబాటు కండక్టరమ్మ పెట్టింది. పట్టుబడ్డవాడి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండకూడదు, అంతే. అందరూ ఒప్పుకున్నారు.

వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పాలనిపించింది, ఎవరికి చెప్పి చెంపదెబ్బ తిన్నది, అన్నీ. బ్రహ్మచారి దువ్వెన పట్టుకుని కుర్చీ వెనక నిలబడి వినేవాడు. తన సంగతి ఎన్నడూ చెప్పలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పుకుంటారు, వెనకున్నవాడు వింటాడు, ఆ పనికి పద్ధతే అది. "మనలాంటివాళ్ళం" అని మాస్టారు అన్నప్పుడల్లా ఆ మాటలో తానున్నాడా లేడా అని అతనికి సందేహం. ఉన్నాననే అతనికి తెలుసు. వాళ్ళకు తెలుసో లేదో తెలీదు. వాళ్ళలో ఒకడా, షట్టరెత్తే మనిషా? అడగాలంటే సిగ్గు. అడిగితే కాదంటారని భయం.

ఇక ఊరి సంగతి. ఆ ఊరి నిండా ఒకటే పార్టీ. ఎన్నికల్లో దాని మీద నిలబడి ఓడిపోయేవాళ్ళు కూడా వేరే రంగు జెండా పట్టుకుని అవే మాటలు అంటారు. ఆ ఏడు పార్టీవాళ్ళు "కుటుంబ రక్షణ" మొదలెట్టారు. కుటుంబం మీద దాడి చేసిందెవరని ఎవరూ అడగలేదు. రోడ్డు గుంటలు పూడ్చమని అడిగినవాళ్ళకు కూడా ముందు కుటుంబాన్ని కాపాడుకోండన్నారు. తాగి పెళ్ళాన్ని తన్నేవాళ్ళంతా ముందు వరసలో నిలబడి నినాదాలిచ్చారు.

బ్రహ్మచారి బావ ఆ వార్డుకు పార్టీ కార్యదర్శి. అక్కా బావల ఇంటి ముందుగదే బ్రహ్మచారి సెలూను. వెనకగదిలో అతని పడక. బావ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. మామగారు పోయినప్పుడు పదహారేళ్ళ బావమరిదిని ఇంట్లో పెట్టుకుని, పని నేర్పించి, కుర్చీ కొనిచ్చింది ఆ బావే. అలాంటివాణ్ణి తిట్టుకుందామన్నా నోరు రాదు.

ఒక శనివారం బావ స్టిక్కర్ల కట్ట పట్టుకొచ్చాడు. చతురస్రంగా పసుప్పచ్చ కాగితం. పెంకుటిల్లు బొమ్మ, దాని కింద నాన్న, అమ్మ, కొడుకు, కూతురు. "ఇక్కడ కుటుంబం పదిలం" అని పెద్దక్షరాలు. వీధిలో ప్రతి దుకాణం అంటించాలి. అంటించనివాళ్ళ పేర్లు ఆఫీసులో రాసుకుంటారట.

"నీకు కుటుంబం లేదు గదా, రెండు అంటించు, లోటు తీరుతుంది" అని బావ నవ్వాడు.

బ్రహ్మచారి ఒకటే తీసుకున్నాడు. ఆ పూటంతా ఆలోచించాడు. ఆలోచన అతనికి అలవాటు లేని పని. కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆలోచిస్తుంది, అతను కాదు. చివరికి గొప్ప ఉపాయం తట్టింది. స్టిక్కరుంటే ఈ దుకాణం మీద ఎవరి కన్నూ పడదు. సోమవారం సగం షట్టరు ఇంకా భద్రం. పార్టీ బొమ్మ వెనక పార్టీకి గిట్టని మనుషులు కూర్చుంటారు. దొంగే పోలీసు టోపీ పెట్టుకున్నట్టు. ఇంత తెలివి తనకెక్కడిదని అతనికే ముచ్చటేసింది. షట్టరు సగం దించినప్పుడు సరిగ్గా కళ్ళకెదురుగా వచ్చేట్టు చూసుకుని, మూలలు ముడత పడకుండా అరచేత్తో సాపుచేసి అంటించాడు.

ఆ సోమవారం ఎవరూ రాలేదు.

రెండు, మూడు, నాలుగు గంటలైంది. అతను నీళ్ళసీసా నింపాడు, తువ్వాళ్ళు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. కండక్టరమ్మకు డ్యూటీ మారిందేమో. మాస్టారికి ఒంట్లో బాగాలేదేమో. మరి మిగతావాళ్ళు? అందరికీ ఒకేసారి జ్వరమొస్తుందా? పై సోమవారమూ రాలేదు. పట్టుబడ్డారేమోనని గుండెల్లో రాయి పడింది. ఎవరు పట్టుకున్నారో, ఎక్కడ పెట్టారో తెలుసుకోవాలంటే పేర్లుండాలి. ఒక్కరి పేరూ తెలీదు.

చిత్రమేమిటంటే దుకాణానికి జనం పెరిగారు. బావ మాటమీద పార్టీ మనుషులొచ్చారు, వాళ్ళ పిల్లల్ని తెచ్చారు. బ్రహ్మచారి చెయ్యి ఖాళీ లేదు. ఎక్కడో ఏదో కూలిపోయిందని తెలుస్తోంది గాని చూడబోతే అంతా పచ్చగా ఉంది. పళ్ళెంలో అన్నం అలాగే వదిలేసి లేస్తుంటే అక్క అడిగింది, "సోమవారాలు నీ మొహం వేరేగా ఉండేదిరా. ఏమైంది?" ఏమీ కాలేదన్నాడు. అక్కకి అలా కనపడుతున్నానని తెలియడం ఇంకో దిగులు.

నాలుగో సోమవారం బ్లేళ్ళు కొనుక్కుని వచ్చాడు. షట్టరు సగానికి దించి ఉంది. లోపలికి పోడానికి నడుం వంచాడు. మొహానికి జానెడు దూరంలో ఆ పసుప్పచ్చ నాన్న అతని కళ్ళలోకి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అతను లోపలే ఉండి ఎదురుచూశాడు. బయట్నించి వంగి చూడటం ఇదే మొదలు. అలాగే వంగి ఉండిపోయాడు. నడుం పట్టేసింది.

అయితే అదా సంగతి. వాళ్ళు వచ్చారు. వంగారు. చదివారు. పోయారు.

ముందు కోపమొచ్చింది. మూడేళ్ళు నూనె రాసి దువ్విన చేతిని నమ్మలేకపోయారా? తరవాత, నమ్మడానికి నేనేం చెప్పాను గనక అనిపించింది. గోరు పెట్టి స్టిక్కరు మూల లేపాడు. ఎదురుగా చెప్పుల దుకాణంవాడు కుర్చీలో కూర్చుని ఇటే చూస్తున్నాడు. అంటించని దుకాణం పేరు ఆఫీసులో రాస్తారు, అంటించి పీకినవాడి పేరు ఎక్కడ రాస్తారు? ఉంచితే వాళ్ళు రారు. పీకితే ఊరు వస్తుంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. లేచిన మూలని వేలితో మళ్ళీ అణిచేశాడు.

ఇక వెతకాలి. పేర్లు తెలీవు, ఇళ్ళు తెలీవు. కానీ తలలు తెలుసు. ఒక్కసారి చెయ్యి పడ్డ తలని క్షౌరం చేసేవాడు మరిచిపోడు. సుడి ఏ వైపు తిరుగుతుందో, ఏ చెవి వెనక మచ్చుందో, మెడ మీద జుట్టు ఎడమకి దొర్లుతుందో కుడికో, అవన్నీ వేళ్ళకి గుర్తు. కండక్టరమ్మ కండక్టరని తెలుసు, నిజమే. ఏ బస్సో తెలీదు, డిపోలో అడిగితే పేరు చెప్పమంటారు. టోపీ ఉండే ఇనప దుకాణం ముందు రెండుసార్లు తచ్చాడాడు. స్టోరు మనిషి మానేశాడని చెప్పారు. అందుకని మనుషుల వెనక నడవడం మొదలెట్టాడు. బజార్లో, ఆసుపత్రి క్యూలో, సినిమా హాలు మెట్ల మీద, మనుషుల మొహాలు వదిలేసి పిడతల్లాంటి వెనక తలలు చూసుకుంటూ తిరిగాడు. ఒకామె తన మెడ వంకే చూస్తున్నాడని చెప్పు తీసింది. క్షమించమని చేతులు జోడించి పారిపోయాడు. ఊరి తలలన్నీ కలగాపులగమై రాత్రి కళ్ళు మూస్తే కూడా అవే తిరిగేవి.

అలా రెండు వారాలు తిరిగాక ఒక ఆదివారం పార్టీవాళ్ళ కుటుంబ రక్షణ సభ. బావ బలవంతంగా లాక్కెళ్ళాడు. ఊరికే కాదు, "ఆదర్శ దుకాణదారు" అని రాసిన పసుప్పచ్చ పట్టీ భుజానికి తగిలించి మరీ లాక్కెళ్ళాడు. మైదానం కిక్కిరిసి ఉంది. మైకులో ఎవరో కుటుంబం గురించి అరుస్తున్నాడు. ఒక చిన్నపిల్ల తప్పిపోయి ఏడుస్తోంది, దాని గోల వినేవాడు లేడు. బ్రహ్మచారి ముందున్న వరసల మీదుగా చూశాడు. మూడు వరసల అవతల రెండు సుళ్ళు.

ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. వాటి చుట్టూ తన చేతి కటింగే ఏడు వారాలు పెరిగి, అంచులు చెదిరి ఉంది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి వెనక నిలబడి, "మాస్టారూ" అన్నాడు మెల్లిగా.

మాస్టారు తిరగలేదు. మెడ మీద రోమాలు మాత్రం లేచాయి. కాసేపటికి సగం తల తిప్పాడు. ముందు పట్టీ చూశాడు, తరవాతే మొహం.

"ఎవరండీ మీరు?"

"నేనండీ. సోమవారం..."

"సోమవారం నేనెక్కడికీ వెళ్ళనండీ. మీరెవరో నాకు తెలీదు."

ఆయన పక్కనున్న భార్య ఎవరని అడిగింది. ఎవరో పొరపాటు పడ్డాడన్నాడు మాస్టారు. చప్పట్లు కొట్టమన్నప్పుడు అందరికన్నా గట్టిగా కొట్టాడు. బ్రహ్మచారి కూడా కొట్టాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నిలబడి, ఇద్దరికీ గిట్టని మాటకి, అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టారు. తను ఇక్కడికెందుకొచ్చాడో, ఆయన ఎందుకొచ్చాడో, మైదానంలో ఇంకెంతమంది ఇలా వచ్చినవాళ్ళున్నారో అతనికి లెక్క తెగలేదు. సగం మైదానం ఇదే బాపతేమో! అయితే మిగతా సగం ఎవర్ని చూసి భయపడుతున్నట్టు?

మర్నాడు సోమవారం. అతను షట్టరెత్తలేదు. జేబులో చిల్లర వేసుకుని పొద్దున్నుంచీ బస్సులెక్కాడు. ఎక్కడం, కండక్టరు మెడ చూడటం, దిగడం. మధ్యాహ్నం కాకముందే ఎనిమిదో బస్సులో కండక్టరమ్మ దొరికింది. ఖాకీ చొక్కా, చేతిలో టిక్కెట్ల మిషను. జుట్టు చెవుల మీదికి దిగింది, రెండు పిన్నులు పెట్టి వెనక్కి లాగింది. ఆమె అతన్ని చూసింది. చూడనట్టు వచ్చింది.

"ఎక్కడికండీ?"

మూడేళ్ళు "అన్నా" అని పిలిచిన మనిషి.

"చివరిదాకా" అన్నాడు.

టిక్కెట్టు చించి ఇచ్చి ముందుకెళ్ళిపోయింది. బస్సులో పెద్దగా జనం లేరు. బుట్టలు పెట్టుకుని ఇద్దరాడవాళ్ళు, నిద్రపోతున్న ముసలాయన, డ్రైవరు. ఆమె తిరిగి అతని పక్కనుంచి వెళ్తుంటే, ఆగమ్మా అన్నాడు. ఆగలేదు. రెండోసారి వెళ్తుంటే సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. చెప్పాల్సింది పెద్దదేమీ కాదు. ముప్ఫై ఏళ్ళు గొంతులో ఉన్నది. గుటకలు మింగి మింగి దాన్ని అరగదీశాడనుకున్నాడు. అరగలేదు.

"నేను కూడా మీలాంటివాణ్ణే" అన్నాడు.

మెల్లిగా అనబోయాడు. బస్సు రొదలో గొంతు పెంచాల్సొచ్చింది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పడి బస్సు ఆగింది, రొద ఆగింది, మాట ఒక్కటే మిగిలింది. బుట్టలావిడ తిరిగి చూసింది. అతను కూర్చున్నాడు.

కండక్టరమ్మ బస్సు కదిలాక అతని ముందు సీట్లో అడ్డంగా కూర్చుంది.

"ఆ సంగతి మాకు మొదటి నెలే తెలుసన్నా. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాం. చెల్లెమ్మా, మాస్టారూ పందెం కూడా వేసుకున్నారు."

అతనికి అర్థం కాలేదు. తెలిసి కూడా ఎందుకు రావడం మానేశారు? అదే అడిగాడు.

"తెలిసే మానేశాం. ఊరంతా ఆ బొమ్మ అంటించింది. ఆ దుకాణాలకి పోవడం మానేశామా? పప్పులూ ఉప్పులూ కొనుక్కోవట్లేదా? బయటోడు అంటిస్తే వాడి ఖర్మ. మనోడు అంటిస్తే ఏమనుకోవాలి?"

"మీ కోసమే అంటించాను. ఎవరికీ అనుమానం రాకుండా."

ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధమేమోనని వెతికింది. దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా ఒళ్ళు మండినట్టుంది.

"ఆ సంగతి మాకెవరు చెప్తారు?"

"మీకే అర్థమవుతుందనుకున్నాను."

"ఎలా అవుతుంది? మూడేళ్ళలో ఒక్క ముక్క మాట్లాడావా? మా నోళ్ళన్నీ విప్పించి నీ నోటికి షట్టరేసుకున్నావు. నువ్వు మౌనంగా ఉంటే మంచివాడివనుకున్నాం. అదే మౌనంతో స్టిక్కరు అంటిస్తే భయమెయ్యదా? చెల్లెమ్మ ఆ రోజు దాన్ని చదివి, టోపీ చెవులదాకా లాక్కుని ఎలా పరిగెత్తిందో నీకు తెలుసా? పని కూడా మానుకుంది."

తెలీదు. అతనికి ఏదీ తెలీదు. పీకేస్తానన్నాడు, ఇప్పుడే వెళ్ళి పీకేస్తానన్నాడు. ఆమె తల కొట్టుకుంది. పీకితే మీ బావ అడగడా, వీధి అడగదా, అంటించేటప్పుడు బుర్ర లేదు సరే, పీకేటప్పుడైనా ఉండొద్దా అని చివాట్లేసింది. మరేం చెయ్యమంటావమ్మా అంటే, నాకేం తెలుసంది. ఆమెకి నిజంగానే తెలీదు. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. ప్రతి దుకాణం మీదా పసుప్పచ్చ పెంకుటిల్లు వెనక్కి పరిగెడుతోంది.

చివరి స్టాపులో అతను దిగుతుంటే ఆమె వెనకనుంచి చెప్పింది. పాత ఆసుపత్రి వెనక సందు, నీలం గేటు, మేడమీద గది. నర్సమ్మలు అద్దెకుండేది. వచ్చే సోమవారం రెండింటికి. మిగతావాళ్ళు రానిస్తారో లేదో తన పూచీ కాదు. మాస్టారు సభలో అతన్ని చూసి నిన్న రాత్రంతా నిద్రపోలేదట, పొద్దున ఈ బస్సే ఎక్కి చెప్పి పోయాడు.

"వస్తే చేతిలో లెక్కల పుస్తకం పట్టుకునిరా" అంది.

"లెక్కల పుస్తకమెందుకు?"

"రా, తెలుస్తుంది."

వారమంతా ఆ పుస్తకం గురించే ఆలోచించాడు. చివరికి అక్క కూతురిది, ఆరో తరగతిది, అడిగి తీసుకున్నాడు. మామయ్యకి ఇప్పుడు లెక్కలెందుకని ఆ పిల్ల నవ్వింది. సోమవారం ఒక సంచిలో ఆ పుస్తకం, కత్తెర, దువ్వెన, మిషను పెట్టుకుని బయల్దేరాడు. స్టిక్కరు షట్టరు మీద అలాగే ఉంది.

గది చిన్నది. ఒక మంచం, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి నల్లబల్ల. బల్ల మీద ఏదో శాతాల లెక్క నిజంగానే రాసి ఉంది. నర్సమ్మలు పై పరీక్షకి చదువుతున్నారనీ, మాస్టారు వారానికోసారి వచ్చి చెప్తున్నాడనీ ఇంటావిడకి చెప్పారట. అందరి ఒళ్ళోనూ నోటుపుస్తకాలున్నాయి. చెల్లెమ్మ జుట్టు విప్పుకుని మంచం చివర కూర్చుంది. కొసలు ఎవరో వంకరటింకరగా కత్తిరించారు. బ్రహ్మచారి లోపలికి రాగానే ఆమె చెయ్యి ఒళ్ళో ఉన్న టోపీ మీదికి పోయింది. అతన్ని తేరిపార చూసి, చెయ్యి అక్కడే ఉంచుకుంది. మాస్టారు నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

బ్రహ్మచారి అలవాటుకొద్దీ వెళ్ళి చెల్లెమ్మ వెనక నిలబడ్డాడు. సంచిలోంచి దువ్వెన తీశాడు.

"కూర్చో" అంది కండక్టరమ్మ.

"ఆ కొసలు ఒక్కసారి సరిచేసి..."

"అది తరవాత. ముందు కూర్చోన్నా."

కూర్చున్నాడు. కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళ మీద పెట్టాడు, చంకల్లో పెట్టాడు, చివరికి ఆరో తరగతి పుస్తకం పట్టుకున్నాడు. ఎదురుగా మొహాలు. ఇన్నేళ్ళూ అద్దంలో చూసిన మొహాలు ఇప్పుడు తిన్నగా చూస్తుంటే కుడిది ఎడమ, ఎడమది కుడి అయి, ఎవరో కొత్తవాళ్ళలా ఉన్నారు.

పెద్ద నర్సమ్మ అడిగింది, స్టిక్కరు పీకావా అని. లేదన్నాడు. పీకుతావా అంది. తెలీదన్నాడు. అది తప్పో, కాదో అక్కడెవరికీ తెలిసినట్టు లేదు.

"సరే, నీ సంగతి చెప్పు. ఎప్పట్నుంచి?"

ఈ ప్రశ్న అతను వందసార్లు విన్నాడు, ప్రతిసారీ ఇంకొకళ్ళని అడగ్గా. జవాబు మనసులో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. "మా నాన్న పోయిన ఏడు..." అని మొదలెట్టి, అది కాదని ఆగాడు. "కుర్చీ కొన్న కొత్తల్లో ఒకాయన వచ్చేవాడు, గడ్డం చేయించుకోడానికి" అని మళ్ళీ మొదలెట్టాడు. "రోజు విడిచి రోజు వచ్చేవాడు. అంత గడ్డం ఉండేది కాదు ఆయనకి."

చిన్న నర్సమ్మ కిసుక్కున నవ్వింది. చెల్లెమ్మ టోపీ మీంచి చెయ్యి తీసింది.

అంతలో మెట్ల మీద అడుగులు. అందరూ నోటుపుస్తకాల మీదికి వంగారు. చెల్లెమ్మ చటుక్కున జుట్టు చుట్టి టోపీ లాక్కుంది. ఇంటావిడ గుమ్మంలో నిలబడింది. నీళ్ళు రాని పంపు గురించి ఏదో చెప్పడానికొచ్చిన మనిషి, చెప్పకుండా బ్రహ్మచారిని ఎగాదిగా చూసింది. అతన్ని ఎక్కడో చూసినట్టుందట. సభలో పసుప్పచ్చ పట్టీ వేసుకున్న సెలూను మనిషి ఇతనే కదా?

బ్రహ్మచారి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సుద్దముక్క వైపు చూశాడు.

"మావాడేనండీ" అన్నాడు మాస్టారు. "కొత్తగా చేరాడు."

ఈ వయసులో లెక్కలా అని ఇంటావిడ నోరు నొక్కుకుంది. అయితే ఏదీ, ఒకటి చేసి చూపించమనండి అని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. సరదాకే అంది. పోయేట్టు మాత్రం లేదు.

మాస్టారు సుద్దముక్క చాపాడు. బ్రహ్మచారి లేచి బల్ల దగ్గరికెళ్ళాడు. రెండు వందల మిల్లీలీటర్ల మందులో అయిదు శాతం ఉప్పుంటే, ఉప్పెంత? జుట్టుకి రంగు కలిపేటప్పుడు అతను కంటితో చూసి కలుపుతాడు, శాతాలతో కాదు. వెనక కండక్టరమ్మ దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఎన్నిసార్లు దగ్గితే ఎంతో అతనికి తెలీదు. నలభై అని రాశాడు.

ఇంటావిడ పడీపడీ నవ్వింది. పాపం, గడ్డాలు గీసేవాడికి లెక్కలెందుకు లెమ్మని, పంపు సంగతి చెప్పేసి, నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది. ఆ నవ్వు కింద గేటు దాకా వినపడింది.

"తప్పు" అన్నాడు మాస్టారు, బల్ల చెరుపుతూ. ఇంకా అతని మొహం చూడలేదు. "కూర్చో. వచ్చే వారం మళ్ళీ చేద్దువుగాని."

ఇంటావిడ వెళ్ళిపోయింది కదా, మరి ఆ మాట ఎవరికోసం అన్నట్టు? బ్రహ్మచారికి తేలలేదు. అడుగుదామని నోరు తెరిచాడు. కండక్టరమ్మ మోచేత్తో పొడిచింది.

"ఆ గడ్డం లేనాయన సంగతి చెప్పన్నా. మధ్యలో ఆపేశావు."